వైను బప్పు: గురుగ్రహపు చందమామ చుట్టూ గాలిని వెతికిన కావలూరు వేధశాల నిర్మాత

అండమాన్ దీవుల్లో పొద్దు త్వరగా గుంకుతుంది. ఇప్పుడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లోని డాలీగంజ్‌లో, డిసెంబరు నెలలో సాయంత్రం అయిదింటికే సూర్యుడు అస్తమిస్తాడు. దేశమంతటికీ గడియారం ఒక్కటే అయినా, ఈ దీవులు ప్రధాన భూభాగానికి తూర్పున చాలా దూరంలో ఉండటమే ఇందుకు కారణం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సొంత ఊళ్లోని బంధువుల కంటే ముందుగా చుక్కలను చూస్తాయి.

జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన ద్వీప కేంద్రం డాలీగంజ్‌లోనే ఉంది. అక్కడి శాస్త్రవేత్తల చూపు సముద్రం వైపు. అయితే 1972 జూన్ 7వ తేదీ రాత్రి ఈ దీవులకు ఇరువైపులా ఉన్న రెండు కొండలపై కొందరు శాస్త్రవేత్తలు ఆకాశం వైపు చూపు నిలిపారు. పడమట, దాదాపు ఇదే అక్షాంశరేఖ వెంట సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో, తమిళనాడులోని కావలూరు. ఆగ్నేయ దిశలో, భూమధ్యరేఖకు ఆవల, ఇండోనేషియాలోని జావా దీవిలో ఉన్న లెంబాంగ్. ఆ రెండు చోట్లా ప్రశ్న ఒక్కటే. గురుగ్రహం చుట్టూ తిరిగే గ్యానిమీడ్ అనే ఉపగ్రహాన్ని చుట్టి గాలి ఏమైనా ఉందా?

ఆ ప్రశ్నకు జవాబు వెతకగలిగే దూరదర్శిని కావలూరు అడవిలో ఉండటానికి కారణం హైదరాబాద్‌లో పెరిగిన ఒక ఖగోళ శాస్త్రవేత్త. ఆయన పేరు మనాలి కల్లాట్ వైను బప్పు.

బేగంపేట వేధశాలలో బాల్యం

వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. కుటుంబ మూలాలు కేరళలోని మలబారు ప్రాంతానివి. కానీ ఆయన బాల్యం, విద్యాభ్యాసం హైదరాబాద్‌లో సాగాయి. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడమే అందుకు కారణం.

నిజామియా వేధశాల చరిత్ర ఆసక్తికరమైనది. హైదరాబాద్ సంస్థానంలోని ప్రముఖుడు నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి దూరదర్శినిని తెప్పించి దానికి పునాది వేశారు. ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది. ప్రపంచంలోని అనేక వేధశాలలు ఆకాశాన్ని వాటాలుగా పంచుకుని, నక్షత్రాల స్థానాలను ఛాయాచిత్రాల ద్వారా కొలిచి పట్టికలు తయారు చేసిన మహా కార్యక్రమంలో హైదరాబాద్ కూడా పాలుపంచుకుంది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ఇక్కడ నమోదయ్యాయి.

ఆ పని బయటికి కనిపించేది కాదు. గాజు పలకపై చుక్కను గుర్తించడం, దాని స్థానాన్ని కొలవడం, పుస్తకంలో రాయడం, మళ్లీ మరో చుక్క. ఏళ్ల తరబడి ఇదే. అటువంటి ఓపికతో కూడిన శ్రమ నడుమ ఆ బాలుడు పెరిగాడు. ఒక నక్షత్రం ఎక్కడుందో కచ్చితంగా తెలిస్తేనే, ఫలానా రాత్రి ఫలానా గ్రహమో ఉపగ్రహమో దానిని కమ్మేస్తుందని ముందే లెక్కకట్టగలం. తర్వాతి కాలంలో గ్యానిమీడ్‌ను పరిశీలించిన విద్యకు పునాది ఇటువంటి పట్టికలే.

బప్పు నిజాం కాలేజీలో చదివారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో పట్టా పొందారు. విద్యార్థిగా ఉన్నప్పుడే కాంతి హెచ్చుతగ్గులయ్యే చర నక్షత్రాలను పరిశీలించి, వాటిపై శాస్త్ర వ్యాసాలు ప్రచురించారు.

ఛాయాచిత్రంలో దొరికిన తోకచుక్క

1949లో ఆయన స్కాలర్‌షిప్‌పై అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడికి చేరిన కొద్ది నెలలకే, జులై 2న, రాత్రి ఆకాశాన్ని ఛాయాచిత్రాలు తీస్తుండగా ఒక పలకపై కొత్త తోకచుక్క జాడ కనిపించింది. అధ్యాపకుడు బార్ట్ బాక్, సహవిద్యార్థి గోర్డన్ న్యూకర్క్ దానిని నిర్ధారించడంలో తోడ్పడ్డారు. ఆ తోకచుక్కకు ముగ్గురి పేర్లూ కలిపి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు పెట్టారు. ఈ ఆవిష్కరణకు గుర్తింపుగా పసిఫిక్ ఖగోళ సంఘం ఆయనకు డోనో పతకాన్ని ఇచ్చింది. ఆ తోకచుక్కను కనుగొన్నప్పుడు ఆయన వయసు ఇరవై ఒక్కేళ్లు.

1952లో డాక్టరేట్ పూర్తయింది. అనంతరం కార్నెగీ ఫెలోషిప్‌పై కాలిఫోర్నియాలోని పాలోమార్ వేధశాలకు వెళ్లారు. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్ద దూరదర్శిని ఉన్నది అక్కడే. అక్కడ ఓలిన్ విల్సన్ అనే సీనియర్ శాస్త్రవేత్తతో కలిసి చేసిన పరిశోధన ఆయన పేరును ఖగోళశాస్త్ర పాఠ్యపుస్తకాల్లోకి చేర్చింది.

నక్షత్రపు వెలుగును పట్టకం లాంటి పరికరంతో విడదీస్తే రంగుల వర్ణపటం వస్తుంది. అందులో కాల్షియం మూలకానికి సంబంధించిన ఒక నల్లని గీత ఉంటుంది. సూర్యుని వంటి నక్షత్రాల్లోనూ, అంతకంటే చల్లని నక్షత్రాల్లోనూ ఆ నల్లని గీత నడుమ సన్నని వెలుగు గీత మరొకటి కనిపిస్తుంది. ఈ వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశం అంత ఎక్కువ అని విల్సన్, బప్పు 1957లో ప్రచురించిన పత్రంలో నిరూపించారు.

దీని ప్రయోజనం పెద్దది. దూరంగా వెలిగే దీపం చిన్నదా పెద్దదా అన్నది కంటికి తెలియదు. అది నిజంగా ఎంత ప్రకాశవంతమో తెలిస్తే, మన కంటికి ఎంత మసకగా కనిపిస్తోందన్న దానిని బట్టి దూరం లెక్కకట్టవచ్చు. నక్షత్రాల దూరాలను కొలవడానికి ఆ గీత ఒక కొలబద్ద అయింది. దీనినే విల్సన్-బప్పు ప్రభావం అంటారు.

తిరిగి స్వదేశానికి

ప్రపంచంలోని అత్యుత్తమ పరికరాలు చేతికి అందిన దశలో బప్పు భారతదేశానికి తిరిగి వచ్చారు. అప్పట్లో ఇక్కడ పరిశోధనకు తగిన పెద్ద దూరదర్శినులు దాదాపు లేవు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో కొత్తగా ప్రారంభించిన వేధశాల బాధ్యతను 1954లో ఆయన స్వీకరించారు. వారణాసి ఆకాశం ఆ పనికి అనుకూలంగా లేదు. వేధశాలను హిమాలయ పాదాల వద్ద ఉన్న నైనిటాల్‌కు తరలించారు. చక్కని పరిశీలనకు యంత్రం ఎంత ముఖ్యమో చోటు కూడా అంతే ముఖ్యమన్న పాఠం ఆయన ఆచరణలో ఆనాడే స్థిరపడింది.

1960లో ఆయన కొడైకెనాల్ వేధశాల డైరెక్టర్‌గా బాధ్యతలు చేపట్టారు. 1792 నాటి మద్రాసు వేధశాలకు వారసురాలిగా 1899లో వెలసిన ఆ సంస్థకు సూర్యుని అధ్యయనంలో అంతర్జాతీయ ఖ్యాతి ఉంది. సూర్యుని మచ్చల్లో వాయువుల కదలికను జాన్ ఎవర్‌షెడ్ 1909లో అక్కడే కనుగొన్నారు. కానీ రాత్రి ఆకాశాన్ని అధ్యయనం చేయడానికి కొడైకెనాల్ అంతగా పనికిరాదు. కొండ ఎత్తున మబ్బులు, పొగమంచు తరచుగా అడ్డుపడతాయి. నక్షత్రాలను చదవాలంటే మరో చోటు కావాలి.

గంధపు చెట్ల అడవిలో వేధశాల

దక్షిణ భారతదేశంలో అనువైన చోటు కోసం బప్పు అన్వేషించారు. ఆయన ఎంపిక చేసినది తమిళనాడులోని జవ్వాదు కొండల్లో, గంధపు చెట్ల అడవి నడుమ ఉన్న కావలూరు అనే చిన్న పల్లె. సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తు. దగ్గర్లోని పట్టణం వాణియంబాడి. ఆంధ్రప్రదేశ్ సరిహద్దు కూడా అక్కడికి ఎక్కువ దూరం కాదు. నగరాల దీపాల వెలుగు సోకని చీకటి అక్కడి సంపద.

ఆ ఎంపిక వెనుక మరో ఆలోచన ఉంది. కావలూరు భూమధ్యరేఖకు చేరువలో, సుమారు పన్నెండున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది. యూరప్, ఉత్తర అమెరికాల్లోని పెద్ద వేధశాలలకు కనిపించని దక్షిణాకాశంలో చాలా భాగం ఇక్కడి నుంచి కనిపిస్తుంది. అంతేకాదు, భూగోళంపై ఆస్ట్రేలియాకూ ఆఫ్రికాకూ నడుమ ఉన్న విశాలమైన ఖాళీని ఇది పూరిస్తుంది. కొన్ని నిమిషాలు మాత్రమే సాగే ఖగోళ ఘటన ఆ రేఖాంశాల మీదుగా జరిగితే, దానిని చూడటానికి ఎవరో ఒకరు ఇక్కడ ఉండి తీరాలి.

1968లో కావలూరులో తొలి దూరదర్శిని పని ప్రారంభించింది. దాని దర్పణం వ్యాసం 38 సెంటీమీటర్లు మాత్రమే. విదేశాల నుంచి కొని తెచ్చింది కాదు, సంస్థ కార్యశాలలోనే తయారైంది. తర్వాత తూర్పు జర్మనీలోని కార్ల్ జైస్ కర్మాగారం నుంచి ఒక మీటరు దర్పణం గల దూరదర్శిని వచ్చింది. 1972లో దానిని కావలూరులో నెలకొల్పారు. అంతకు ముందు ఏడాది, 1971లో, కొడైకెనాల్ వేధశాల భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థ అనే స్వయంప్రతిపత్తి గల సంస్థగా మారింది. దాని తొలి డైరెక్టర్ బప్పు. అదే 1972లో భారత ఖగోళ సంఘం ఏర్పడింది. దాని కార్యస్థానం హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం. వ్యవస్థాపక అధ్యక్షుడు కూడా ఆయనే.

ఉపగ్రహాలకు గాలి ఉంటుందా?

1610లో గెలీలియో తన చిన్న దూరదర్శినితో గురుగ్రహాన్ని చూసినప్పుడు దాని పక్కన నాలుగు చుక్కలు కనిపించాయి. అవే అయో, యూరోపా, గ్యానిమీడ్, కలిస్టో. వీటిలో గ్యానిమీడ్ అతిపెద్దది. సౌరకుటుంబంలోని ఉపగ్రహాలన్నింటిలోనూ పెద్దది అదే. బుధగ్రహం కంటే కూడా దాని వ్యాసం ఎక్కువ.

మన చంద్రుని చుట్టూ చెప్పుకోదగిన గాలి లేదు. చిన్న గోళానికి గురుత్వాకర్షణ తక్కువ కావడంతో వాయువులు నిలవకుండా అంతరిక్షంలోకి జారిపోతాయి. అయితే ఉపగ్రహాలన్నీ అంతేనని చెప్పలేం. శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ చుట్టూ మీథేన్ వాయువు ఉందని 1944లో జెరార్డ్ కైపర్ కనుగొన్నారు. 1970ల తొలి ఏళ్లలో గురుగ్రహపు అయో చుట్టూ సోడియం వాయు మేఘం ఉన్నట్లు అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ గుర్తించారు. మన వీధుల్లో ఒకప్పుడు పసుపుపచ్చగా వెలిగిన సోడియం దీపాల కాంతినే ఆ మేఘం కూడా వెదజల్లుతోంది.

ఆ వాయువు ఎక్కడి నుంచి వస్తోందో 1979లో వోయేజర్ 1 నౌక చూపింది. అయోపై అగ్నిపర్వతాలు నిప్పులు కక్కుతున్నాయి. వాటి నుంచి వెలువడే గంధకపు వాయువులు, ఇతర పదార్థాలు కొంత ఆ ఉపగ్రహాన్ని కమ్ముకుని ఉంటాయి, మరికొంత సెకనుకు సుమారు ఒక టన్ను చొప్పున గురుగ్రహపు అయస్కాంత క్షేత్రంలోకి కొట్టుకుపోతుంది.

అయితే 1972 నాటికి ఈ నౌకలేవీ గురుగ్రహాన్ని చేరలేదు. తొలి నౌక పయనీర్ 10 అక్కడికి చేరింది 1973 డిసెంబరులో. అప్పటివరకు ఉన్న మార్గాలు భూమి మీది నుంచి చూసేవే. వాటిలో అత్యంత సున్నితమైనది ఆచ్ఛాదనాన్ని పరిశీలించే పద్ధతి.

1972 జూన్ 7

ఒక ఉపగ్రహం తన దారిలో సాగుతూ దూరాన ఉన్న నక్షత్రానికి అడ్డుగా రావడమే ఆచ్ఛాదనం. ఉపగ్రహం చుట్టూ గాలి లేకపోతే నక్షత్రం దీపం ఆర్పినట్లు చటుక్కున మాయమవుతుంది. గాలి ఉంటే నక్షత్ర కాంతి ఆ గాలి పొరల గుండా వంగి వస్తుంది కనుక క్రమంగా మసకబారి, ఆ తర్వాత మాయమవుతుంది. అవతలి అంచున తిరిగి కనిపించేటప్పుడు కూడా అంతే. కాంతి తగ్గే తీరును సెకనులో చిన్న భాగాల వరకు నమోదు చేయగలిగితే, ఎవరూ చేరుకోని చోట గాలి ఉందో లేదో చెప్పవచ్చు. మాయమైన చోటికీ తిరిగి కనిపించిన చోటికీ నడుమ గడిచిన కాలాన్ని బట్టి ఉపగ్రహపు వ్యాసమూ తెలుస్తుంది.

1972 జూన్ 7న గ్యానిమీడ్ ఒక మసక నక్షత్రం మీదుగా వెళ్లనుందని లెక్కలు తేల్చాయి. నక్షత్రాల పట్టికలో దాని సంఖ్య 186800. కంటికి కనిపించే అతి మసక నక్షత్రాల కంటే కూడా అది మసకగా ఉంటుంది. ఆ ఘటనను నమోదు చేసిన వేధశాలలు రెండు. జావాలోని లెంబాంగ్‌లో అమెరికా, ఇండోనేషియా శాస్త్రవేత్తలు. వారిలో బోషా వేధశాలకు చెందిన బంబాంగ్ హిదాయత్ ఒకరు. కావలూరులో బప్పు సహచరుడు జె.సి. భట్టాచార్య. ఆ రెండు వేధశాలల నడుమ దూరం సుమారు 3,800 కిలోమీటర్లు. మధ్యలో బంగాళాఖాతం.

జూన్ అంటే నైరుతి రుతుపవనాల కాలం. అండమాన్‌లో అప్పటికే వర్షాలు ముమ్మరంగా ఉంటాయి. రుతుపవనాలను కొంతమేర అడ్డుకునే కనుమలకు తూర్పున ఉన్న కావలూరులోనూ మబ్బుల భయం తప్పదు. ఇటువంటి పరిశీలనకు రెండో అవకాశం ఉండదు. ఆ కొద్ది నిమిషాలు దాటితే గ్యానిమీడ్ ముందుకు సాగిపోతుంది.

రెండు చోట్లా నమోదు జరిగింది. రెండు చోట్లా ఒకే విషయం కనిపించింది. నక్షత్రపు వెలుగు ఒక్కసారిగా ఆరిపోలేదు, తిరిగి ఒక్కసారిగా వెలగలేదు. గ్యానిమీడ్ చుట్టూ వాతావరణం ఉందనీ, దాని పీడనం భూమి వాతావరణ పీడనంలో పది లక్షల వంతు లేదా అంతకంటే ఎక్కువ ఉండవచ్చనీ శాస్త్రవేత్తలు నిర్ధారణకు వచ్చారు. గ్యానిమీడ్ వ్యాసాన్ని 5,270 కిలోమీటర్లుగా లెక్కకట్టారు. ఈ ఫలితాలు 1973లో అమెరికా నుంచి వెలువడే సైన్స్ పత్రికలో ప్రచురితమయ్యాయి. భట్టాచార్య పేరు ఆ పత్రం రచయితల్లో ఉంది. బప్పు పేరు లేదు. వేధశాలను నెలకొల్పిన మనిషి ఆ ఘనతను పరిశీలన చేసిన సహచరునికే వదిలారు.

సరైనదీ, సవరణ పొందినదీ

ఏడేళ్ల తర్వాత, 1979లో, వోయేజర్ నౌకలు గురుగ్రహాన్ని దాటి వెళ్లాయి. అందులోని అతినీలలోహిత పరికరం గ్యానిమీడ్ వెనక్కు వెళ్లిన మరో నక్షత్రాన్ని పరిశీలించింది. అక్కడ దట్టమైన గాలి జాడ లేదు. ఉన్నా, 1972 నాటి అంచనా కంటే వేల రెట్లు పలుచగా ఉండాలని తేలింది. కావలూరు, లెంబాంగ్‌ల నుంచి వచ్చిన పీడనపు అంచనా అలా వీగిపోయింది.

కానీ కథ అక్కడితో ముగియలేదు. 1990ల మధ్యలో గెలీలియో నౌక గ్యానిమీడ్ చుట్టూ హైడ్రోజన్‌ను గుర్తించింది. ఆ ఉపగ్రహానికి సొంత అయస్కాంత క్షేత్రం ఉందని కూడా కనుగొంది. దాదాపు అదే కాలంలో హబుల్ అంతరిక్ష దూరదర్శిని ఆక్సిజన్ వెలుగును చూసింది. గ్యానిమీడ్ ఉపరితలం మంచుతో నిండినది. గురుగ్రహపు అయస్కాంత క్షేత్రంలో వేగంగా తిరిగే విద్యుదావేశ కణాలు ఆ మంచును తాకి నీటి అణువులను చీలుస్తాయి. తేలికైన హైడ్రోజన్ ఎగిరిపోతుంది. బరువైన ఆక్సిజన్ కొంతకాలం నిలుస్తుంది. అదే గ్యానిమీడ్ చుట్టూ ఉన్న పలుచని వాయు పొర. 2021లో శాస్త్రవేత్తలు హబుల్ పాత చిత్రాలను తిరిగి విశ్లేషించి, అక్కడ నీటి ఆవిరి కూడా ఉన్నట్లు తేల్చారు.

అంటే గ్యానిమీడ్ చుట్టూ వాయువు ఉందన్న 1972 నాటి జవాబు నిలిచింది, అది ఎంత ఉందన్న లెక్క నిలవలేదు. మూడో విషయం వ్యాసం. నౌకలు దగ్గరి నుంచి కొలిచిన తర్వాత నేడు అంగీకరిస్తున్న విలువ సుమారు 5,268 కిలోమీటర్లు. గురుగ్రహం భూమికి అత్యంత చేరువగా వచ్చినప్పుడు కూడా దాదాపు 60 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరాన ఉన్న గోళపు వ్యాసానికి రెండు కొండల మీది నుంచి నాడు కట్టిన విలువకూ, నేటి విలువకూ తేడా రెండు కిలోమీటర్లు.

ఒక తరం పరిశీలనను మరో తరం సవరించడం శాస్త్రంలో సహజం. అయితే సవరణకు నోచుకోవాలన్నా ముందు ఒక పరిశీలన ఉండాలి. ఆ రాత్రి కావలూరులో దూరదర్శిని లేకపోయి ఉంటే, భారత ఉపఖండం నుంచి ఆ ప్రశ్నకు తప్పుగానో ఒప్పుగానో జవాబు చెప్పేవారే ఉండేవారు కారు. బప్పు జీవితమంతా కృషి చేసింది ఆ లోటు పూడ్చడానికే.

అయిదేళ్ల తర్వాత అదే దూరదర్శిని మరో ఫలితాన్ని ఇచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డుగా వెళ్లింది. అమెరికా శాస్త్రవేత్తలు విమానంలో అమర్చిన దూరదర్శినితో దానిని పరిశీలించగా, గ్రహం నక్షత్రాన్ని కమ్మకముందే కాంతి పలుమార్లు క్షణకాలం తగ్గింది. యురేనస్‌కు వలయాలు ఉన్నాయని అలా తెలిసింది. కావలూరులో భట్టాచార్య, కుప్పుస్వామి కూడా ఆ కాంతి తగ్గుదలను నమోదు చేశారు. 1986లో వోయేజర్ 2 నౌక ఆ వలయాలను చేరువ నుంచి చూసింది.

తాను చూడని అద్దం

మీటరు దర్పణంతో బప్పు తృప్తి పడలేదు. అంతకు రెండింతలకు పైగా పెద్దదైన 234 సెంటీమీటర్ల దూరదర్శినిని దేశంలోనే తయారు చేయాలని ఆయన సంకల్పించారు. కొని తెచ్చుకుంటే పని త్వరగా అవుతుంది. కానీ తయారు చేసుకుంటే దర్పణాన్ని చెక్కే నేర్పు, భారీ యంత్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా తిప్పే నేర్పు ఇక్కడే ఉండిపోతాయి. 38 సెంటీమీటర్ల చిన్న దూరదర్శినితో మొదలైన ఆలోచనకు ఇది కొనసాగింపు. దర్పణాన్ని నునుపు చేసే పని బెంగళూరులోని సంస్థ ప్రయోగశాలలో సాగింది.

గౌరవాలు కూడా వచ్చాయి. 1970లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది. 1979లో ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తల వేదిక అయిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు ఆయన అధ్యక్షునిగా ఎన్నికయ్యారు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి భారతీయుడు ఆయనే. 1981లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది.

1982 ఆగస్టులో గ్రీస్‌లోని పాట్రాస్ నగరంలో ఆ సమాఖ్య మహాసభ జరిగింది. అధ్యక్షుడు ఆ సభకు రాలేకపోయారు. గుండె శస్త్రచికిత్స కోసం జర్మనీలోని మ్యూనిక్ వెళ్లిన బప్పు, సభలు జరుగుతుండగానే, ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్లు నిండి తొమ్మిది రోజులు.

పెద్ద దూరదర్శిని పని ఆగలేదు. గ్యానిమీడ్‌ను పరిశీలించిన భట్టాచార్య సంస్థ డైరెక్టర్ అయ్యారు. ఆ నిర్మాణం ఆయన హయాంలో పూర్తయింది. 1986 జనవరి 6న అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దానిని జాతికి అంకితం చేశారు. దూరదర్శినికి, కావలూరు వేధశాలకు వైను బప్పు పేరు పెట్టారు. 1988లో అక్కడే ఆర్. రాజమోహన్ ఒక గ్రహశకలాన్ని కనుగొన్నారు. దానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. బప్పు పేరిట కూడా ఒక గ్రహశకలం అంతరిక్షంలో తిరుగుతోంది. దాని సంఖ్య 2596.

ఆరని ప్రశ్న

బేగంపేటలో నిజామియా వేధశాల ఉన్న ప్రాంగణంలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం నడుస్తోంది. ఒకప్పుడు లక్షల నక్షత్రాలను లెక్కించిన ఆ చోట, చుట్టూ కమ్ముకున్న నగరపు వెలుగులో ఇప్పుడు కొన్ని చుక్కలే కనిపిస్తాయి. కావలూరు చుట్టూ ఉన్న ఊళ్లలోనూ దీపాలు పెరిగాయి. చీకటిని వెతుక్కుంటూ మన ఖగోళ శాస్త్రవేత్తలు ఇప్పుడు లద్దాఖ్‌లోని హాన్లే వరకు వెళ్లారు. అక్కడి వేధశాల కూడా బప్పు తీర్చిదిద్దిన సంస్థకు చెందినదే.

గ్యానిమీడ్ గురించిన ప్రశ్న ఇంకా పూర్తిగా తీరలేదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2023 ఏప్రిల్ 14న జ్యూస్ అనే నౌకను గురుగ్రహం వైపు పంపింది. అది 2031లో అక్కడికి చేరి, ఆ తర్వాత 2034 చివరలో గ్యానిమీడ్ చుట్టూ కక్ష్యలో ప్రవేశించేలా ప్రణాళిక ఉంది. ఆ పలుచని వాయు పొరలో ఏమున్నదో, మంచు కింద ఉందని భావిస్తున్న సముద్రం ఎలాంటిదో అది పరిశీలిస్తుంది.

గురుగ్రహాన్ని చూడటానికి మాత్రం పెద్ద యంత్రం అక్కర్లేదు. మబ్బు లేని రాత్రి డాలీగంజ్‌లోనైనా, శ్రీకాకుళం తీరంలోనైనా అది మినుకుమినుకుమనకుండా స్థిరంగా వెలిగే పెద్ద చుక్కలా కనిపిస్తుంది. మామూలు బైనాక్యులర్స్‌ను కదలకుండా పట్టుకుని చూస్తే దాని పక్కన వరుసలో చిన్న చుక్కలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి గ్యానిమీడ్. దాని వ్యాసాన్ని మన నేల మీది నుంచి కొలిచిన వేధశాల, డాలీగంజ్‌లో ఆ చుక్కను చూసేవారికి పడమటి దిక్కున, సముద్రానికి అవతల, అదే అక్షాంశం వెంట ఉంది.